మేనమామ మోకాలు చెప్పిన సంగతి: హీమోఫీలియా బి లైడెన్, ఒక కేసు వివరణ

2017 ఆగస్టులో ఒక సాయంత్రం వైనతేయ పాయ అవతలి లంక గ్రామం నుంచి ఏడేళ్ల కుర్రవాణ్ణి మా పిల్లల విభాగానికి తీసుకువచ్చారు. ముందురోజు బడి మెట్ల మీద జారాడు. తగిలింది చిన్న దెబ్బే కానీ తెల్లారేసరికి కుడి మోకాలు కొబ్బరిబొండంలా వాచింది. పడవ దాటి, ఆటో పట్టుకొని మా దగ్గరికి చేరేటప్పటికి బాబు కాలు చాపలేడు, ముడవలేడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. బరువు 20 కిలోలు. ఒంటి మీద రెండు మూడు చోట్ల పాత నీలి మచ్చలు ఉన్నాయి. పాకే వయసు నుంచీ ఈ మచ్చలు వస్తూనే ఉన్నాయని, ఐదో ఏట పాలపన్ను ఊడినప్పుడు రెండు రోజులు రక్తం ఆగలేదని తల్లి చెప్పింది. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే రెండు పరీక్షల్లో పీటీ 13 సెకన్లు, అంటే మామూలే. ఏపీటీటీ మాత్రం 30 సెకన్ల కంట్రోలుకు (ఆరోగ్యవంతుడి నమూనాకు) 84 సెకన్లు వచ్చింది. బాబు ప్లాస్మాలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) ఆరోగ్యవంతుడి ప్లాస్మా సమానంగా కలిపి చూస్తే ఏపీటీటీ సరిపడింది. కాబట్టి రక్తంలో అడ్డుపడే యాంటీబాడీ ఏదీ లేదు, ఏదో ఒక ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) కొరవడింది. ఫ్యాక్టర్ 8 మామూలుగా ఉంది, ఫ్యాక్టర్ 9 మామూలు స్థాయిలో ఒక శాతం దగ్గర ఆగింది. ప్లేట్‌లెట్లు, ఆల్బుమిన్, కాలేయ ఎంజైములు అన్నీ సరిగానే ఉన్నాయి. జబ్బు హీమోఫీలియా బి, అంటే ఫ్యాక్టర్ 9 కొరతవల్ల రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, అని తేలింది. 1952లో స్టీఫెన్ క్రిస్మస్ అనే పిల్లవాడిలో దీన్ని విడిగా గుర్తించారు కనుక పాత పుస్తకాల్లో క్రిస్మస్ వ్యాధి అని కనిపిస్తుంది.

ఇంతకు ముందు ఒకచోట ఈ బాబుకు ఫ్యాక్టర్ పరీక్ష చేయకుండానే, హీమోఫీలియా అన్న అనుమానం మీద రెండుసార్లు క్రయోప్రెసిపిటేట్ (దాతల ప్లాస్మా నుంచి తీసే పదార్థం) ఎక్కించారు. క్రయోలో ఫ్యాక్టర్ 8 ఉంటుంది, ఫ్యాక్టర్ 9 ఉండదు. పరాయి రక్తం ముప్పు మాత్రం మిగిలింది, ప్రయోజనం ఏమీ దక్కలేదు. ఫ్యాక్టర్ 9 కాన్సెంట్రేట్ (గాఢంగా తీసిన మందు) దొరకని చోట ఈ జబ్బుకు కనీసం ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా వాడాలి. ఆ రాత్రి మేము కిలోకు 40 యూనిట్ల చొప్పున 800 యూనిట్ల ఫ్యాక్టర్ 9 ఇచ్చాము. కిలోకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో దాదాపు ఒక శాతం పెరుగుతుంది, అందులో సగం ఇంచుమించు ఒక రోజులో తరిగిపోతుంది. మూడో నాటికి మోకాలి బిగువు సడలింది.

ఇంతవరకు ఈ కేసులో కొత్త ఏమీ లేదు. మలుపు తిప్పింది అమ్మమ్మ.

కుటుంబ చరిత్ర అడుగుతుండగా, "మీ పుట్టింటి వైపు మగపిల్లల్లో ఎవరికైనా ఇలా ఉందా?" అన్నదానికి తల్లి లేదని తల అడ్డంగా ఊపింది. పక్కన కూర్చున్న అమ్మమ్మ కాసేపు ఊరుకొని, "మా అబ్బాయికి ఉండేదండి డాక్టరుగారూ, వీడికంటే ఎక్కువగానే ఉండేది. అంతర్వేది స్వామికి మొక్కుకున్నాను. మీసాలు వచ్చేసరికి అదే పోయింది" అంది. తల్లి కావాలని దాచలేదు. చిన్ననాటి సంగతి ఆమె మరిచిపోయింది, తమ్ముడు బాగుపడి చాలా ఏళ్లయింది. పైగా ఇరవై ఏళ్లు దాటాక అతడికి ఎక్కడో రక్తపరీక్ష చేసి, నీకు ఏ జబ్బూ లేదని చెప్పి పంపారు. లేని జబ్బును ఎవరు చెబుతారు?

మర్నాడు ఆ మేనమామ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, కొబ్బరి వలుపు పని. నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి, మెలితిప్పి, పీచు ఊడదీసే పని అది. హీమోఫీలియా ఉన్నవాడు ఆ గునపం దగ్గరికి వెళ్లాలంటేనే మేము వద్దంటాము. అతడి అరచేతుల నిండా పాత గాట్ల మచ్చలు ఉన్నాయి, అన్నీ చక్కగా మానినవే. నన్ను ఆపింది అతడి నిలబడే తీరు. బరువంతా ఎడమ కాలి మీద వేసి, కుడి మోకాలు కొంచెం వంచి నిలబడ్డాడు. మంచం మీద పడుకోబెట్టి కాలు చాపమంటే ఆ మోకాలు పూర్తిగా చాపుకోలేదు, పదిహేను డిగ్రీల వంపు మిగిలిపోయింది. తొడ కండరం రెండో వైపుకంటే సన్నబడి ఉంది. "ఇది ఎప్పటి నుంచి?" అంటే, "ఆయ్, చిన్నప్పటి నుంచీ ఇంతేనండి, దీంతోనే పని చేసుకుంటున్నాను" అన్నాడు. ఎక్స్‌రేలో చిన్నతనంలో పదేపదే రక్తం నిలిచిన కీలు ఎలా పాడవుతుందో అలాగే ఉంది. అతడి ఏపీటీటీ మామూలుగా వచ్చింది, ఫ్యాక్టర్ 9 మాత్రం 46 శాతం.

మోకాలేమో ఇతడు తీవ్రమైన హీమోఫీలియాతో పెరిగాడని చెబుతోంది, రక్తమేమో అది ఇప్పుడు లేదని చెబుతోంది. ఈ రెండూ నిజమయ్యే జబ్బు నాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు 1970లో ఒక కుటుంబాన్ని వివరించారు. అందులోని మగపిల్లలు పుట్టుకతో తీవ్రమైన హీమోఫీలియా బి తో ఉండి, ఈడు వచ్చాక ఏటా కొద్దికొద్దిగా ఫ్యాక్టర్ పెరిగి, నడివయసుకు ఇంచుమించు మామూలు మనుషులయ్యారు. దానికే హీమోఫీలియా బి లైడెన్ అని పేరు.

ఏమీ లేదన్న రిపోర్టు

జన్యు పరీక్షకు నమూనా పంపాము. ఆరు వారాలకు రిపోర్టు వచ్చింది: ఫ్యాక్టర్ 9 జన్యువులో ఉత్పరివర్తనం కనబడలేదు. నేను దాన్ని ఫైలులో పెట్టి ఊరుకున్నాను. ఐదు నెలల తరువాత మళ్లీ తీసి చదివితే చివరి పేరాలో చిన్న అక్షరాలతో, చదివినవి ఎనిమిది ఎక్సాన్లు, వాటి అంచులు మాత్రమేనని రాసి ఉంది. ప్రోటీన్‌ను రాసే భాగమంతా చూశారు, దానికి ముందున్న ప్రమోటర్‌ను చూడలేదు. అది చూడమని అడగకపోవడం నా తప్పు. మేనమామ మోకాలు చూసి లైడెన్ అని మనసులో అనుకున్నవాణ్ణి, నమూనా ఫారం మీద ఆ మాట రాయలేదు.

ఆ భాగం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ కొంత నిదానంగా చెప్పాలి.

మన ఒంట్లో ఏ కణాన్ని తీసుకున్నా డీఎన్‌ఏ ఒక్కటే. ఫ్యాక్టర్ 9 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద, పొడుగు భుజం కొసన, దాదాపు 34 వేల జతల బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) నిడివిలో ఉంటుంది. చర్మ కణంలోనూ ఉంది, మెదడు కణంలోనూ ఉంది. అయినా దాన్ని చదివి ప్రోటీన్ తయారుచేసేది కాలేయ కణమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన డెల్టాలో అందరి పొలాలకూ వచ్చేది ఒకే గోదావరి నీరు. ఏ పిల్ల కాలువ పారాలి, ఏది ఎండాలి అన్నది తూము దగ్గర లస్కరు షట్టరు ఎత్తాడా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది. జన్యువుకు తూము ప్రమోటర్, లస్కర్లు కేంద్రకంలో తిరిగే ప్రోటీన్లు. కాలేయంలో ఈ లస్కర్లు కొందరు దండిగా ఉంటారు: హెచ్‌ఎన్‌ఎఫ్1, ఫాక్స్‌ఏ, హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా, వన్‌కట్, సి/ఈబీపీ ఆల్ఫా. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా కాలేయానికే సొంతం కాదు. ఇవన్నీ ఒకేచోట, తగిన పాళ్లలో కూడడమే కాలేయపు ప్రత్యేకత.

ఈ ప్రోటీన్లు డీఎన్‌ఏ మెలికను విప్పకుండానే చదువుతాయి. రెండు పోగుల మధ్యనున్న పెద్ద గాడిలోకి ప్రోటీన్‌లోని ఒక చిన్న మెలిక దూరి, బేసుల అంచులను తడిమి, అవి తనకు కావలసిన వరుసలో ఉంటేనే హైడ్రోజన్ బంధాలతో కుదురుకుంటుంది. హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా కేంద్రక గ్రాహకాల కుటుంబానికి చెందినది. జింకు అయాన్లు బిగించి ఉంచిన వేళ్లలాంటి భాగాలు దానికి ఉన్నాయి. రెండు అణువులు జతకట్టి, ఒక బేసు ఎడంతో పక్కపక్కన ఉండే రెండు చిన్న వరుసల మీద కూర్చుంటాయి. కూర్చున్నాక సహాయక ప్రోటీన్లను పిలుస్తాయి. అవి డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల పట్టు సడలించి, జన్యువుకు నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను ఆరంభ స్థానానికి రప్పిస్తాయి. ఫ్యాక్టర్ 9 ప్రమోటర్‌లో, ఆ ఆరంభ స్థానాన్ని చూపే సాధారణమైన టాటా పెట్టె అనే వరుస లేదు. అందుకే చుట్టుపక్కల కూర్చునే ఈ ప్రోటీన్ల మీద ఈ జన్యువు అంతగా ఆధారపడుతుంది. ఒక్క బేసు మారినా పట్టు జారిపోతుంది.

ఇది కంటికి కనబడేలా చేసిన పరీక్ష ఒకటి ఉంది. వైద్య విద్యార్థులకు బోర్డు మీద గీసి చెబుతుంటాను. ఎలుక కాలేయం నుంచి కణ కేంద్రకాలను వేరుచేసి, ఉప్పు గాఢత పెంచిన ద్రావణంలో నానబెడితే డీఎన్‌ఏను అంటిపెట్టుకున్న ప్రోటీన్లు వదులై బయటికి వస్తాయి. ఆ సారంలో, ప్రమోటర్ నుంచి తీసిన ఇరవై ముప్పై బేసుల డీఎన్‌ఏ ముక్కను రేడియోధార్మిక భాస్వరంతో గుర్తుపెట్టి కలుపుతారు. జెల్‌లో విద్యుత్తు పెడితే ఒంటరి ముక్క చకచకా కిందికి పరుగెడుతుంది. ప్రోటీన్ పట్టుకున్న ముక్క బరువెక్కి, వెనకబడి, పైన ఒక పట్టీగా నిలుస్తుంది. గుర్తు లేని అదే ముక్కను ఎక్కువ మోతాదులో వేస్తే పట్టీ మాయమవుతుంది, సంబంధం లేని ముక్క వేస్తే నిలిచే ఉంటుంది. ఆ పట్టీ ఏ ప్రోటీనుదో దాని యాంటీబాడీ కలిపి తేలుస్తారు. 1981లో వచ్చిన పద్ధతి ఇది. 1980ల చివర, 1990ల మొదట్లో లైడెన్ రోగుల ప్రమోటర్ ముక్కలను ఇలా పరీక్షించినప్పుడు, ఆరోగ్యవంతుల ముక్కకు వచ్చిన పట్టీ రోగి ముక్కకు రాలేదు. ఒక్క అక్షరపు తేడాతో ఆ పట్టీ పోవడం నేను చదువుకునే రోజుల్లో ఒక పత్రంలో చూశాను, ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

లైడెన్ మార్పులన్నీ లిప్యంతరీకరణ (జన్యువుకు నకలు తీయడం) మొదలయ్యే చోటికి అటూ ఇటూ అరవై బేసుల లోపలే ఉంటాయి. 1988లో లైడెన్ కుటుంబంలో −20 స్థానంలో (ఆ ఆరంభ స్థానానికి ఇరవై బేసుల ముందు) టి బదులు ఏ ఉన్నట్టు చూపారు. 1990లో, +13 దగ్గరి మార్పు సి/ఈబీపీ పట్టును చెడగొడుతుందని తేలింది. 1992లో −20 మార్పు హెచ్‌ఎన్‌ఎఫ్4 పట్టును చెడగొడుతుందని తెలిసింది. −6, −5 దగ్గర వచ్చే మార్పులు మాత్రం చాలాకాలం అంతుచిక్కలేదు. అక్కడ కూర్చునేవి వన్‌కట్ ప్రోటీన్లని 2013లో గానీ బయటపడలేదు. వీటన్నిటి మధ్య బ్రాండెన్‌బర్గ్ అనే రకం ఒకటి ఉంది. −26 స్థానంలో జి బదులు సి వస్తుంది. ఆ ఒక్క చోటే హెచ్‌ఎన్‌ఎఫ్4 కూర్చునే గాడీ, మగ హార్మోన్ గ్రాహకం (ఆ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్) కూర్చునే గాడీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ మార్పు రెండింటినీ పాడుచేస్తుంది కనుక ఆ పిల్లలు ఈడు వచ్చినా కోలుకోరు.

అందువల్ల ప్రమోటర్ చదివించడం ఈ కేసులో పాండిత్యం కోసం చేసిన పని కాదు. −20 అయితే తల్లికి ఒక మాట చెప్పాలి, −26 అయితే ఇంకో మాట చెప్పాలి.

రెండో రిపోర్టు

2018 మార్చిలో ప్రమోటర్ మాత్రమే చదవమని మళ్లీ నమూనా పంపాము. ఈసారి రిపోర్టులో సి. −49 టి>ఏ అని వచ్చింది. పాత పుస్తకాల లెక్క ఆరంభ స్థానం నుంచి, కొత్త లెక్క ప్రోటీన్ మొదలయ్యే ఏటీజీ అనే మూడు అక్షరాల నుంచి. రెండింటి మధ్య తేడా 29. కాబట్టి ఇది పాత లెక్కలో −20, అచ్చంగా లైడెన్ కుటుంబపు మార్పే. మేనమామలోనూ అదే ఉంది. తల్లి, అమ్మమ్మ వాహకురాళ్లు, అంటే జబ్బు పడకుండా ఆ మార్పును మోసేవారు.

ఇది విన్న ఒక సహోద్యోగి, పాలకొల్లులోనూ కాకినాడ జగన్నాథపురంలోనూ ఒకప్పుడు డచ్చివారి స్థావరాలు ఉండేవి కదా, అక్కడి నుంచి వచ్చిందేమో అన్నారు. ఆలోచించదగ్గ ప్రశ్నే. కానీ ఒకే మార్పు వేర్వేరు కుటుంబాల్లో విడివిడిగా పుట్టవచ్చు. ఆ మార్పు చుట్టుపక్కల ఉన్న డీఎన్‌ఏ గుర్తులను పోల్చకుండా బంధుత్వం అంటగట్టకూడదు. మేము పోల్చలేదు కనుక ఆ మాట రిపోర్టులో రాయలేదు.

ఒకటి మాత్రం స్పష్టం. చెడింది తూము, లస్కరు కాదు. హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా ప్రోటీనే లోపించి ఉంటే ఈ ఒక్క జన్యువుతో ఆగేది కాదు. ఫ్యాక్టర్ 7 ప్రమోటర్‌లోనూ హెచ్‌ఎన్‌ఎఫ్4 గాడి ఉంది, అక్కడ మార్పు వస్తే ఫ్యాక్టర్ 7 తగ్గిన కుటుంబాలు ఉన్నాయి. ఫ్యాక్టర్ 7 తగ్గితే పెరిగే పీటీ మా బాబుకు మొదటి రోజు నుంచీ మామూలుగా ఉండడమే ఆ ప్రోటీన్ బాగుందనడానికి ఒక సాక్ష్యం.

ఈడు వచ్చాక ఎలా పెరుగుతుంది? 1992లో వచ్చిన వివరణ ప్రకారం, మగ హార్మోన్ అందుకున్న గ్రాహకం ప్రమోటర్‌లోని తన గాడిలో కూర్చొని, జారిపోతున్న పనిని తాను అందుకుంటుంది. బ్రాండెన్‌బర్గ్ పిల్లలు కోలుకోకపోవడం దీనికి బలమైన ఆధారం. తరువాత ఎలుకల మీద చేసిన పనిలో మగ హార్మోన్‌కంటే పెరుగుదల హార్మోన్‌కే ముఖ్య పాత్ర అని 2009లో చూపారు. నా మటుకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసేవిగా కనబడవు. ఈడు వచ్చే వేళకు రెండు హార్మోన్లూ పెరుగుతాయి, ప్రమోటర్ మీద కూర్చునేవీ ఒకటి కంటే ఎక్కువే.

ఈ సంగతి విన్న బాబు తండ్రి, అయితే ఆ మగ హార్మోన్ సూది ఇప్పుడే వేయండి అని అడిగాడు. కొడుకు ప్రతి నెలా సూదులతో అల్లాడడం చూస్తున్న తండ్రి అడగవలసిన ప్రశ్నే అది. అలా ఇచ్చినప్పుడు ఫ్యాక్టర్ పెరిగినట్టు వైద్య సాహిత్యంలో ఉంది కూడా. కానీ ఏడెనిమిదేళ్ల వయసులో ఆ హార్మోన్ ఇస్తే ఎముకల కొసలు తొందరగా మూసుకొని ఎత్తు ఆగిపోతుంది. ఫ్యాక్టర్ కాన్సెంట్రేట్ దొరుకుతున్నప్పుడు ఆ మూల్యం చెల్లించడం తగదని గట్టిగా చెప్పాను. వారానికి రెండుసార్లు కిలోకు 20 యూనిట్ల చొప్పున ముందుజాగ్రత్త మోతాదు మొదలుపెట్టాము. తల్లి రెండు నెలల్లో నరం పట్టడం నేర్చుకుంది. సొంత ఫ్యాక్టర్ ఎంతో తెలియాలంటే చివరి మోతాదు తరువాత వారం ఆగి రక్తం తీయాలి. లేకపోతే మనం ఇచ్చినదాన్నే మళ్లీ కొలిచి సంతోషపడతాము. ఇలా తీసిన విలువలు తొమ్మిదో ఏట 1 శాతం, పదకొండో ఏట 2, పన్నెండున్నర ఏళ్లకు 5.

మేనరికం

కుటుంబంతో ఎక్కువసేపు కూర్చున్నది దీని గురించే. మా ప్రాంతంలో పుట్టుకతో వచ్చిన ప్రతి జబ్బుకూ మేనరికాన్నే కారణంగా చెబుతారు. ఈ బాబు తల్లిదండ్రులది మేనరికం కాదు, అయినా తల్లిని అత్తింటివారు ఆ మాటే అన్నారు. ఎక్స్ క్రోమోజోమ్ జబ్బు మగపిల్లవాడికి రావడానికి మేనరికంతో పని లేదు, తల్లి వైపు నుంచి ఒక్క ఎక్స్ చాలు. అది ఆమె చేసిన తప్పు కూడా కాదు. ఇది అత్తగారిని కూడా పిలిపించి, ఆమె ముందే చెప్పాను.

అయితే మేనరికం ఇంకో దారిన ఈ ఇంట్లోకి వస్తోంది. మేనమామకు ఒక కూతురు ఉంది. పాప పుట్టిన రోజే, ఇది మా మనవడికే అని అమ్మమ్మ అనుకుంది. తండ్రికి ఉన్నది ఒకే ఎక్స్ కనుక అది కూతురికి తప్పకుండా వస్తుంది. అంటే పరీక్షతో పని లేకుండానే ఆ పాప వాహకురాలు. ఈ ఇద్దరికీ పెళ్లి చేస్తే పుట్టే ఆడపిల్లల్లో ఒక్కొక్కరికి రెండు ఎక్స్‌లూ మారినవే వచ్చే అవకాశం సగానికి సగం. మగపిల్లలకు జబ్బు వచ్చే అవకాశమూ అంతే. అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే వద్దులెండి, ఆ మాట నేనే అన్నాను, నేనే తీసేస్తాను" అంది. మొక్కు గురించి నేను ఏమీ అనలేదు. ఆమె చెప్పిన వయసు లెక్కే మాకు దారి చూపింది.

పాపకు ఐదో ఏట చెవులు కుట్టించే ముందు ఫ్యాక్టర్ 9 చూశాము, 41 శాతం ఉంది. కుట్టించారు. రక్తం మామూలుగానే ఆగింది.

బాబుకు 2024 నవంబరులో పద్నాలుగు నిండాయి. గొంతు మారింది. వారం ఆగి తీసిన రక్తంలో ఫ్యాక్టర్ 9 పదమూడు శాతం వచ్చింది. మోకాలు పూర్తిగా చాపుతున్నాడు, రెండు తొడల చుట్టుకొలతలో తేడా లేదు. వారం వారం ఇచ్చే మోతాదు ఆపేశాము. పన్ను తీయించినా, శస్త్రచికిత్స చేసినా, తలకు దెబ్బ తగిలినా ముందు ఫ్యాక్టర్ ఇవ్వాలని రాసి, ఆ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నాము. ఆరు నెలలకు ఒకసారి రక్తం చూస్తాము. వాళ్ల ఊళ్లో ఫ్రిజ్ ఉన్న ఇంట్లో రెండు సీసాల ఫ్యాక్టర్ మాత్రం ఇంకా ఉంచమన్నాను. చీకటి పడితే ఆ రేవులో పడవ ఉండదు.